ఈగ డాక్టరుకు తాంబూలం

ఊటీకి పోయినవాళ్ళు రాస్తారు, కొడైకెనాల్‌కు పోయినవాళ్ళు రాస్తారు. కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కూ పనిగట్టుకుని పోయి, తిరిగొచ్చి, దాని గురించి రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. రాయకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ కొండ లేదు, జలపాతం లేదు, ఫొటో దిగడానికి పడవ కూడా లేదు. నేను పోయింది విహారానికి కాదు, ఉద్యోగానికి. తొంభైల చివర్లో నంద్యాల మనిషికి అంత దూరం పోవలసిన ఖర్మ ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి.

నాది జంతుశాస్త్రంలో డాక్టరేటు. ఇంకా సూటిగా చెప్పాలంటే, జొన్నకు పట్టే మొవ్వు ఈగ మీద డాక్టరేటు. ఆ ఈగ జొన్న మొలక ఆకు కింద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు మొవ్వులోకి దిగి దాన్ని చంపుతుంది. రైతు తల పట్టుకుంటాడు, నాలాంటివాడు థీసిస్ రాస్తాడు. ఆ ఈగను పట్టడానికి ఎర చేపల పొడి. ఆరేళ్ళు ఆ కంపులో బతికాను. హాస్టల్లో నాతో గది పంచుకోవడానికి ఒప్పుకున్నది ఒక్క తమిళ స్నేహితుడే. సముద్రం పక్క ఊరివాడు కాబట్టి అతనికి నా దగ్గర ఇంటి వాసన వచ్చేది. నాకు తమిళం సగం సగం అర్థం కావడం అతని పుణ్యమే.

పేరు ముందు డాక్టర్ వచ్చింది కానీ పేరు వెనక జీతం రాలేదు. అప్లికేషన్లు పోస్టులో పడేసీ పడేసీ చేతులు నొప్పులు పుట్టాయి. మా బావకు పురుగుమందుల అంగడి ఉంది. మా నాన్న చివరి మాటగా చెప్పేశాడు: “ఆరేండ్లు ఈగను చదివితివి, చాల్లే. ఈసారి రాకుంటే వచ్చే నెల నుంచి బావ అంగట్లో కూచో. చదివిండేదాన్ని చంపడం మొదలుపెట్టు.”

ఆ నెలలోనే తమిళనాడు నుంచి రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి కోవిల్‌పట్టి దగ్గర జొన్న మీద జరిగే పరిశోధన ప్రాజెక్టులో సహాయకుడి పని. రెండోది విరుదునగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. ఇంటర్వ్యూలు వరసగా రెండు రోజుల్లో. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా సంతోషమే, నాకు రెండు పోచలు దొరికాయి.

కోవిల్‌పట్టి: ఒక చెప్పు పోయింది

కోవిల్‌పట్టిలో దిగగానే రెండు సంగతులు తెలుస్తాయి. ఊరంతా అగ్గిపెట్టెలు చేస్తుంది, ఊరంతా వేరుసెనగ మిఠాయి తింటుంది. మా కర్నూలు జిల్లాలో వేరుసెనగ కాయల్ని బుడ్డలంటాం. బెల్లం పాకంలో కలిపి ఉండలు చుట్టుకుంటాం. ఒక్కో ఉండకు ఒక్కో దంతం పణం. ఇక్కడి మిఠాయి మాత్రం నోట్లో పెట్టగానే పటుక్కున విరిగి మర్యాదగా కరిగిపోయింది. అయిదు రూపాయల పొట్లం కొంటే ఇంటర్వ్యూకి పోయేలోపే అయిపోయింది. అగ్గిపెట్టెల ఊళ్ళో టీకొట్టతను మాత్రం పొయ్యి వెలిగించుకోవడానికి నన్ను అగ్గిపెట్టె అడిగాడు.

ప్రాజెక్టు అధికారి మంచివాడు. గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడనుకుంటే, “రండి, పొలంలో మాట్లాడుకుందాం” అని బయల్దేరాడు. ముందురోజు వాన పడింది. అక్కడి నేలను కరిసల్ అంటారు, మా నల్లరేగడికి సొంత చెల్లెలు. తడిసిన రేగడిలో చెప్పులతో నడవకూడదని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. కానీ ఇంటర్వ్యూకి ఒట్టికాళ్ళతో పోతే ఏం బాగుంటుందని నేను చెప్పులతోనే దిగాను. నాలుగు సాళ్ళు దాటేలోపు కుడి చెప్పు నేల మింగేసింది. లాగితే పట్టీ తెగి పైకి వచ్చింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ఏడు సేర్ల బురద వేసుకుని మొవ్వు ఈగ జీవితచరిత్ర చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, మెచ్చుకున్నాడు, టీ ఇప్పించాడు. ఆ తర్వాత, ఆ పనికి డబ్బు మంజూరు పైనుంచి ఇంకా రాలేదని, ఈ ఏడు వస్తుందో రాదో తనకే తెలియదని చెప్పాడు.

ఒక పోచ తెగిపోయింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అతని ముందు కూర్చున్నాను. కోపమంతా ఆ చెప్పు మీద చూపించి, మా ఊరి భాషలో దాని వంశాన్నంతా తిట్టాను. పక్కన తన చెప్పు కుట్టించుకుంటున్న ముసలాయన ఒక్కసారి నా వైపు తిరిగాడు. తెల్ల మీసాలు, భుజం మీద తువ్వాలు.

“ఏమప్పా, తెలుగోడివా? తిట్టేది మనోళ్ళ మాదిరే ఉండాదే!”

అవునన్నాను. ఆయన పేరు రామసామి నాయకర్. నాగలాపురం పక్క పల్లె. మిరప, పత్తి, సజ్జ పండించే మెట్ట రైతు.

“ఏ ఊరు?”

“నంద్యాల. ఆంధ్రా.”

“ఆందరానా! మా పెద్దలు ఆ పక్కనుండే వచ్చిరంట. ఏ కాలమో తెలీదు. ఆడ మా సొందకారులు ఎవురన్నా ఉండారా? బాగుండారా?”

ఎప్పుడో రాజుల కాలంలో విడిపోయిన చుట్టాల క్షేమం నన్ను అడుగుతున్నాడు. బాగానే ఉన్నారని చెప్పాను. కాదని చెప్పి ఆయన మనసెందుకు కష్టపెట్టాలి? మాటల్లో నేను లాడ్జిలో దిగబోతున్నానని తెలిసింది. ఆయన ముఖం చిన్నబోయింది.

“లాడ్జిలోనా? మనోడు లాడ్జిలో పండుకొనేదా? నాకు అవమానం అప్పా అది. నడువు ఇంటికి.”

నాగలాపురం పక్కన: ఎవురెవురు పోతారు?

బస్సులో సగం మంది మనుషులు, సగం మిరప బస్తాలు. తుమ్ములకు తెలుగు తమిళం తేడా లేదని ఆ బస్సులో తెలుసుకున్నాను. రెండు పక్కలా నల్లటి చేలు, చేల గట్ల మీద సర్కారు తుమ్మ, అక్కడక్కడ ఆ తుమ్మను కాల్చి బొగ్గు చేసే పొగలు. కళ్ళు మూసి తెరిస్తే మా కోవెలకుంట్ల దారిలో ఉన్నట్టే ఉంది. బోర్డులు మాత్రం చదవలేను, అంతే తేడా.

ఇంట్లో నాయకర్ తాత భార్య కొండమ్మ అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. వీధిలో ఎవరైనా పిలిస్తే గడప దాటేలోపు తమిళంలోకి మారిపోతారు.

“ఏం చదివినావు నాయనా?” అని అవ్వ అడిగింది.

“ఈగ గురించి చదివినానవ్వా. ఆరేళ్ళు.”

“ఈగనా? దాన్ని తోలేదానికి విసినికర్ర చాల్దా? ఆరేండ్లు ఏమిటికి?”

నా గైడు కూడా నన్ను అంత సూటిగా అడగలేదు. అంతలో కంబు సంగటి, కరవాడు కొళంబు వచ్చాయి. కరవాడంటే ఎండుచేప. ఆరేళ్ళు చేపల పొడి పీల్చినవాణ్ణి, ఇక జన్మలో చేప ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ పులుసు ఒక్క ముద్ద తిన్నాక ఒట్టు గట్టున పెట్టాను. మా వైపు సంగటిని రాగితో చేసి గుండ్రంగా ముద్ద కడతాం. ఇక్కడ కంబుతో, అంటే సజ్జలతో చేసి, మధ్యలో గుంట పెట్టి పులుసు పోస్తారు. మా పద్ధతి చూడ్డానికి బాగుంటుంది, వాళ్ళది తినడానికి బాగుంటుంది.

తింటూ రేపటి సంగతి చెప్పాను. విరుదునగర్ కాలేజీ పేరు వినగానే తాత హుషారయ్యాడు. ఆ కాలేజీ సెక్రటరీకి అదే ఊళ్ళో మిరపకాయల మండీ ఉందట.

“మా మిరపకాయంతా ఆయన మండీకే పోతుంది. మా నాయన కాలం నుండి. సరే, ఎవురెవురు పోతారు?”

“నేనే తాతా.”

“నువ్వు సరే. ఇంకెవురు?”

“ఎవరూ లేరు. నేనొక్కణ్ణే.”

అవ్వ గరిటె పట్టుకున్నదల్లా ఆగిపోయింది. తాత కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. నేనేదో చావు కబురు చెప్పినట్టు అందరూ నన్నే చూశారు.

వాళ్ళ ఆచారం అప్పుడు తెలిసింది. పిల్లను అడగాలన్నా, చేను గుత్తకు అడగాలన్నా, చివరికి ఎద్దుల జత అడగాలన్నా మనిషి ఒంటరిగా పోడు. బేసి లెక్కన మనుషులు పోవాలి. తట్టలో తమలపాకు, వక్క, అరటిపండ్లు, కలకండ పట్టుకుపోవాలి. పెద్దవాళ్ళు మాట్లాడతారు. ఎవరి కోసం పోయారో ఆ మనిషి నోరు మూసుకుని నిలబడాలి. అవతలివాళ్ళు తట్ట అందుకుంటే పని అయిపోయినట్టే. ఒంటరిగా పోయి అడిగేవాడంటే ఎవరూ లేని అనాథ, లేకుంటే ఊరు వెలేసిన మనిషి.

“ఉద్యోగానికి అట్లా పోరు తాతా. పరీక్ష చేసి తీసుకుంటారు” అన్నాను.

“పిల్లను మాత్రం పరీక్ష చేయకనే తీసుకొంటారా?” అన్నాడు తాత.

నాకు నవ్వొచ్చింది. మా జిల్లాలో అయితే ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుపోతాం, వీళ్ళు తమలపాకులు పట్టుకుపోతారు, తమలపాకులైతే కనీసం నమలడానికి పనికొస్తాయి అనుకున్నాను. పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే తాత కనబడలేదు. చేనికి పోయాడేమో అనుకున్నాను. వ్యాను మాట్లాడడానికి పోయాడని నాకెవరూ చెప్పలేదు.

విరుదునగర్: తాళంచెవులు

విరుదునగర్ గాలిలో మిరప ఘాటు, నూనె వాసన. అక్కడ పరోటాను పెనం మీద కాల్చరు, నూనెలో గారెలా వేయిస్తారు. దాన్ని చేత్తో పొడిచేసి, పైన సేర్వా అనే పలచటి మసాలా పులుసు పోసి ఇస్తారు. ఇంటర్వ్యూకి ముందు తినవలసిన వస్తువు కాదు. నేను రెండు తిన్నాను. సర్టిఫికెట్ల ఫైలు మీద నూనె వేలిముద్రలు పడ్డాయి.

కాలేజీ వరండాలో నా పక్కన ఒకామె కూర్చుంది. నా వయసే ఉంటుంది. పేరు సెల్వరాణి. ఆమె ఇంగ్లీషులో, నేను సగం ఇంగ్లీషూ సగం హాస్టల్ తమిళంలో మాట్లాడుకున్నాం. ఆమె పరిశోధన పత్తి చేలలో సాలెపురుగుల మీద. ఈగల్ని తినేవాటిని చదివినామె, ఈగల్ని చదివినవాడు పక్కపక్కన కూర్చున్నామన్నమాట. థీసిస్ ఇచ్చేసింది, వైవా జరగాలి.

“మీరు కూడా ఈ పోస్టుకేనా?” అని అడిగాను.

“ఈ పోస్టు నాదే. నాలుగేళ్ళుగా టెంపరరీగా నేనే చెప్తున్నాను. ఇప్పుడు పర్మనెంట్ చేస్తున్నారు కాబట్టి అందరితోపాటు నన్నూ రమ్మన్నారు. నా ఇంటర్వ్యూ ఇందాకే అయింది. మీకొస్తే నేను ఇంటికి పోతాను” అంది. అందులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

పాపం అనిపించింది. కానీ అబద్ధమెందుకు, ఉద్యోగం నాకే రావాలనిపించింది. ఒకపక్క సెల్వరాణి, మరోపక్క పురుగుమందుల వాసన వేసే బావ. నా మొక్కు ఎటు పోతుంది?

లోపల ప్రిన్సిపాల్, సెక్రటరీ ఉన్నారు. ప్రిన్సిపాల్ అడిగిన ప్రశ్నలకు బాగానే చెప్పాను. సెక్రటరీకి ఈగతో పని లేదు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, వేళ్ళకు ఉంగరాలు. ఆయన అడిగింది ఒక్కటే: “డాక్టరేటు చేతికి వచ్చిందా, రావాలా?”

“వచ్చిందండీ.”

“యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఎంతమంది డాక్టర్లున్నారని లెక్కపెడతారు. ఈగ డాక్టరైనా దోమ డాక్టరైనా మాకు సమ్మతమే. సోమవారం నుంచి రండి.”

ఇంత తేలికా? నేను కుర్చీలో కూర్చున్నానో గాల్లో కూర్చున్నానో తెలియలేదు. ఆయన బెల్లు కొట్టి, ల్యాబు తాళాలు తీసుకుని సెల్వరాణిని రమ్మని అటెండరుతో చెప్పాడు. అటెండరు పోయాడు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. రెండు రెక్కలూ తెరుచుకున్నాయి.

ముందు నాయకర్ తాత, చేతిలో ఇత్తడి తట్ట. వెనక కొండమ్మ అవ్వ, పట్టుచీరలో. వాళ్ళ వెనక పల్లెలోని పెద్దమనుషులు, అందరూ ఇస్త్రీ పంచెలు. ఇంతమందిని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. తట్ట పట్టుకుని వచ్చేవాళ్ళు పెళ్ళికి పిలవడానికే వస్తారు, పెళ్ళి పిలుపును ఆపే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? సెక్రటరీ కూడా అట్లాగే అనుకున్నాడు. మిరపకాయలు వేసే రైతులు, కొత్తవాళ్ళా? చటుక్కున లేచి, రెండు చేతులా తట్ట అందుకున్నాడు.

“ఎవరి కల్యాణం నాయకరే?” అన్నాడు నవ్వుతూ. మాటలన్నీ తమిళంలోనే.

“కల్యాణం కాదు సామీ. ఇదిగో, మా పిల్లకాయ. పైచదువు చదివినాడు. మంచి వంశం. మీ కాలేజీలో చోటు అడగడానికి వచ్చాం” అన్నాడు తాత.

ప్రిన్సిపాల్ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నా చెవులు కాలిపోయాయి. సెక్రటరీ మాత్రం పెద్దగా నవ్వి, “అయిపోయింది నాయకరే, ఇచ్చేశాను. మీవాడని చెప్పలేదే!” అన్నాడు. అవ్వ నా వైపు గర్వంగా చూసింది. ‘చూసినావా, తట్ట పని’ అని ఆ చూపుకు అర్థం.

అప్పుడే సెల్వరాణి తాళాల గుత్తితో వచ్చింది. నా చేతికివ్వబోయింది. తాత మధ్యలో అడిగాడు.

“ఎవరమ్మా నువ్వు? ఏం తాళాలవి?”

“ల్యాబువి తాతా. ఈయనకు అప్పజెప్పమన్నారు.”

“మరి నువ్వు?”

ఆమె సెక్రటరీ వైపు ఒకసారి చూసింది. “నేను ఇంటికి పోతాను. నాలుగేళ్ళు ఈ పని నేనే చేశాను.”

“నీ తరపున ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. ఇంటర్వ్యూకి ఎవరొస్తారు తాతా?”

తాతా అవ్వా ఆమెనే చూశారు. రాత్రి భోజనాల దగ్గర నన్నూ ఇట్లాగే చూశారు.

తాత ముందుకు పోయి, సెక్రటరీ చేతిలోని తట్ట అంచు పట్టుకున్నాడు. వక్క నోట్లో పడకముందు ఏదైనా అడ్డం తెలిస్తే తట్ట వెనక్కి తీసుకోవచ్చట. సెక్రటరీ ఇంకా వక్క వేసుకోలేదు. వేసుకుని ఉంటే నా బతుకు వేరుగా ఉండేది.

“తప్పు జరిగింది సామీ. ఇంటి ఆడబిడ్డను గడప దాటించి, మావాణ్ణి లోపలికి పిలుస్తారని మాకు తెలీదు. ఆ తాంబూలం మాకు అచ్చిరాదు” అన్నాడు. తట్ట తీసుకున్నాడు. సెల్వరాణిని చెయ్యిపట్టి తెచ్చి అవ్వ పక్కన నిలబెట్టాడు. అదే తట్ట మళ్ళీ సెక్రటరీ ముందుకు చాచాడు. “ఇప్పుడు ఈ బిడ్డ తరపున వచ్చాం. ఈమెకు చోటియ్యండి.”

“తాతా!” అని అరిచాను.

“నువ్వు మాట్లాడగూడదప్పా” అన్నాడు తెలుగులో, వెనక్కి కూడా తిరగకుండా. “పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు.”

సెక్రటరీ తనిఖీ గురించి చెప్పి చూశాడు. ఈమెకు డాక్టరేటు ఇంకా చేతికి రాలేదన్నాడు. ఎప్పుడొస్తుందని తాత ఆమెనే అడిగాడు. రెండు నెలల్లో అంది.

“నెలలు నిండిన పిల్లను ఇంట్లోంచి పంపుతారా సామీ?” అన్నాడు తాత.

ఈసారి ప్రిన్సిపాల్ చేతిరుమాలు తీసేసి బాహాటంగానే నవ్వాడు. “తనిఖీవాళ్ళకు నేను సర్దిచెప్పుకుంటానులెండి. పాఠం ఈమే బాగా చెప్తుంది” అన్నాడు. సెక్రటరీ తట్ట వైపు చూశాడు, ఇస్త్రీ పంచెల వైపు చూశాడు. మండీకి వచ్చే మిరపంతా ఆ పంచెల్లోనే నిలబడి ఉంది. తట్ట అందుకున్నాడు. ఒక వక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

ఆ వక్క పటుక్కుమనడం నాకు బాగా వినబడింది.

సెల్వరాణి తాళాలు రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అవ్వ ఆమె తల నిమురుతూ ఏదో అంటోంది. ఆమె ఏడుస్తూ నా వైపు చూసింది. నేను ఆమెకు అభినందనలు చెప్పాను.

విరుదునగర్ బస్టాండు

అందరూ నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. వ్యాను దిగేదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఆగలేకపోయాను.

“మీరు నా తరపున వచ్చినారా, నా మీదికి వచ్చినారా? అయిపోయిన ఉద్యోగం తాతా! నా చేతికి వచ్చి పోయింది! నేను అడిగినానా మిమ్మల్ని రమ్మని?”

తాతకు కోపం రాలేదు. తువ్వాలు దులిపి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

“నీ తరపునే అప్పా. ఒగ బిడ్డ ముందరుండే కూడు లాగి నీకు పెడితే, అది మేము పెట్టినట్టేనా? నీకేమి, ఇంతమంది ఉండాం. ఆ బిడ్డకి ఎవురుండారు?”

అవ్వ నా చేతిలో పొట్లం పెట్టింది. తోవలో తినమంది. బస్సు కదిలేముందు తాత కిటికీ దగ్గరికొచ్చాడు.

“వేరే కాలేజి ఏదన్నా పిలిస్తే కాయిదం రాయి. ఎందాకైనా వస్తాం. ఈ తూరి పక్కన ఎవురన్నా ఉండారా అని ముందరే విచారించి అడుగుతాం.”

బస్సు కదిలింది. పంచెలూ పట్టుచీరా అన్నీ వరసగా నిలబడి చేతులూపాయి. నేను ఊపలేదు. కొంచెం దూరం పోయాక ఊపాను, అప్పటికి వాళ్ళకు కనబడిందో లేదో.

పక్క సీటు పెద్దమనిషి మెడ తిప్పి అంత జనాన్నీ చూసి, నన్ను తమిళంలో అడిగాడు: “మీవాళ్ళా?”

“మావాళ్ళే” అన్నాను. “ఇప్పుడే నా ఉద్యోగం ఊడగొట్టి వస్తున్నారు.”